పై పోర్షను ఒకటే, అడిగినవాళ్లు నలుగురు

ప్రశ్న: మాది మల్కాజిగిరిలో సొంత ఇల్లు. కింద నేనొక్కదాన్నే ఉంటాను. మావారు పోయాక ఫ్యామిలీ పెన్షను, పై పోర్షను అద్దె, ఇవే నాకు ఆధారం. ఆరేళ్లు ఉన్నవాళ్లు సొంత ఫ్లాటు కొనుక్కుని ఖాళీ చేశారు. గేటుకి టులెట్ బోర్డు కట్టాను. అద్దె 16,000, అడ్వాన్సు రెండు నెలలు అని ఫోన్ చేసినవాళ్లందరికీ చెప్పాను. రెండు రోజుల్లో నలుగురొచ్చారు, నలుగురికీ నచ్చింది.

మొదట వచ్చింది ఒక నర్సు. తల్లీ కూతుళ్లిద్దరే. "అమ్మకి కూడా చూపించి చెప్తానాంటీ" అని వెళ్లింది, ఇంకా ఫోన్ చేయలేదు. తర్వాత కొత్తగా పెళ్లయిన సాఫ్ట్‌వేర్ జంట. 18,000 ఇస్తామన్నారు. నేను ఔననకముందే ఫోన్‌పేలో 5,000 టోకెన్ కొట్టేశారు. మూడో అబ్బాయి మా మరిది స్నేహితుడి కొడుకు. "మనవాళ్లే వదినా, ఏ గొడవా ఉండదు" అని మరిది రోజూ ఫోను. నాలుగోది ఒక ముస్లిం కుటుంబం. ఆయన స్కూల్లో లెక్కల మాస్టారు, ఇద్దరు పిల్లలు. అందరికంటే మర్యాదగా మాట్లాడింది వాళ్లే. కానీ మేం మాంసం ముట్టం. ఎదురింటావిడ కూడా "చూసుకుని ఇవ్వండి" అంది.

ఎవరికీ కాదని చెప్పలేక అందరికీ "చెప్తాను" అనేశాను. సియాటెల్‌లో ఉన్న మా అమ్మాయి "ఇక్కడైతే ముందొచ్చినవాళ్లకే ఇవ్వాలమ్మా, చట్టం ఉంది" అంటోంది. మన దగ్గర న్యాయంగా చేయాలంటే ఎలా? నాకు ఎవరి ఉసురూ తగలకూడదు, నా ఇల్లూ పాడవకూడదు.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: ముందుగా ఆ 5,000 సంగతి చూడండి. ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే ఈరోజే తిప్పి పంపేయండి. దాంతోపాటు ఒక మెసేజ్ పెట్టండి: "మీరు పంపిన 5,000 తిరిగి పంపుతున్నాను. ఇల్లు ఇంకా ఎవరికీ ఖాయం చేయలేదు. మీకంటే ముందు చూసినవాళ్ల జవాబు రాగానే మీకు చెప్తాను." 1872 నాటి మన కాంట్రాక్టు చట్టంలో 8వ సెక్షన్ ఒకటుంది. అవతలివాళ్లు ఒక ప్రతిపాదన చేసి, దానికి ప్రతిఫలంగా ఇచ్చింది మనం తీసుకుంటే, ఆ ప్రతిపాదనకు ఒప్పుకున్నట్టేనని దాని సారాంశం. మీరు అడక్కుండా ఖాతాలో వచ్చి పడిన డబ్బు వల్లే మీరు ఇరుక్కుపోయారని కాదు. కానీ రోజులు గడిచేకొద్దీ "ఆంటీ డబ్బులు ఉంచుకున్నారు, ఇల్లు మనదే" అని వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేం. ఆ నమ్మకంతో వాళ్లు ఇంకో ఇల్లు చూడడం మానేస్తారు, పాత ఇంటికి నోటీసు కూడా ఇచ్చేస్తారు. అప్పుడు కాదంటే నష్టపోయేది వాళ్లు.

మన నగరంలో టోకెన్ పద్ధతి చాలామందిని ఇబ్బంది పెడుతోంది. "ఒక ఐదు వేలు కొట్టేయండి సార్, లేకపోతే సాయంత్రానికి పోతుంది" అని బ్రోకర్లు తొందరపెడతారు. ఇద్దరు ముగ్గురి దగ్గర టోకెన్ పుచ్చుకుని, ఎక్కువ ఇచ్చినవాళ్లకు తాళాలిచ్చి, మిగిలినవాళ్లను నెలల తరబడి తిప్పించుకునే యజమానులూ ఉన్నారు. ఈ తంతుకి మీరు దూరంగా ఉండండి. మీరు "సరే, మీకే" అన్నాకే టోకెన్, అదీ ఒక్కరి దగ్గరే. వాళ్లు మనసు మార్చుకుంటే అందులో ఎంత తిరిగిస్తారో కూడా పుచ్చుకునే రోజే వాట్సాప్‌లో రాసి పెట్టండి.

ఇక మీ అమ్మాయి చెప్పిన సియాటెల్ నిబంధన. అది నిజంగానే ఉంది. ఆ నగర పాలక మండలి 2016లో తెచ్చింది. ఇంటి యజమానులు కోర్టుకెళ్లారు, 2018లో కింది కోర్టు కొట్టేసింది, 2019లో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. అయితే అది కేవలం "ముందొచ్చినవాళ్లకే" అని చెప్పదు. ఇల్లు ఎలాంటివాళ్లకు ఇస్తారో యజమాని ముందే రాతపూర్వకంగా తెలపాలి. ఎవరి దరఖాస్తు ఏ తేదీన, ఏ సమయానికి పూర్తిగా అందిందో రాసుకోవాలి. ఆ వరుసలోనే చూసి, షరతులకు సరిపోయిన మొదటివాళ్లకు ఇస్తానని చెప్పాలి. వాళ్లు జవాబు చెప్పడానికి 48 గంటలు ఇవ్వాలి. కాదంటే తర్వాతివాళ్లు. షరతులు ముందు, వరుస తర్వాత. "చూడగానే వాళ్లు నాకు నచ్చారు" అనే మాటకు అందులో చోటు లేకుండా చేయడమే ఆ నిబంధన ఉద్దేశం. ఎందుకంటే మనకు నచ్చేవాళ్లు ఎక్కువగా మనలాగే ఉండేవాళ్లు, మనలాగే మాట్లాడేవాళ్లు.

హైదరాబాదులో అలాంటి నిబంధన లేదు. అయినా దానిలోని పద్ధతి మీరు వాడుకోవచ్చు. లోటు కూడా చెప్పాలి. ముందొచ్చినవాళ్లకే అంటే, బండి ఉన్నవాళ్లు, సెలవు పెట్టుకోగలిగినవాళ్లు ముందుంటారు. రెండు షిఫ్టులు చేసేవాళ్లు ఎప్పుడూ వెనకబడతారు. అందుకే ఇంకోసారి ఖాళీ అయినప్పుడు శని, ఆదివారాలు చూడడానికి పెట్టి, ఆ రెండు రోజుల్లో వచ్చిన అందరినీ ఒకేలా చూసి, షరతులకు సరిపోయినవాళ్లు ఇద్దరు ముగ్గురుంటే చీటీ తీయండి. ఈసారికి మాత్రం వరుస ఎలాగూ ఏర్పడింది. నర్సు, జంట, మీ మరిది చెప్పిన అబ్బాయి, మాస్టారు. దాన్నే పాటించండి.

షరతుల సంగతికొద్దాం. ఒక కాగితం తీసుకుని, ఈ నలుగురి ముఖాలూ పక్కన పెట్టి, పైన ఎవరున్నా మీకు ఏం కావాలో రాయండి. అద్దె ప్రతి నెలా 5వ తేదీ లోపు రావాలి. కనీసం రెండేళ్లు ఉండే ఉద్దేశం ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటి ట్యాంకర్ తెప్పించుకునే పరిస్థితి ఉంటే పైన ఎంతమంది ఉండొచ్చో ఒక లెక్క ఉండాలి, ఆ లెక్క అందరికీ ఒకటే కావాలి. గేటు లోపల రెండు బండ్లకే చోటుంటే అదీ రాయండి. ట్యాంకర్ ఖర్చు, మోటారు కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలో, రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్లుంటే గేటు తాళం రెండోది ఇస్తారో లేదో కూడా. అద్దె కట్టగలరా, ఇల్లు చూసుకోగలరా, పక్కవాళ్లను ఇబ్బంది పెట్టకుండా ఉండగలరా అన్నవే ఇంటి యజమానికి అవసరమైన ప్రశ్నలు. రెండు నెలల అడ్వాన్సు అడిగారు, అది సబబే. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం కూడా నివాసానికి ఇచ్చే ఇళ్ల విషయంలో రెండు నెలలు మించొద్దనే చెప్పింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అది అమలవుతుంది కానీ, కొలతగా పెట్టుకోవడానికి మంచిది. ఒంటరివాళ్లని ఒకరికి మూడు నెలలు, తెలిసినవాళ్లని ఒకరికి ఒక నెల అని మాత్రం మార్చకండి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో కొంచెం ఇబ్బందిగా రాసిన సంగతి. "మేం మాంసం ముట్టం" అన్నారు. మీ వంటింట్లో మీ నియమం మీది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదవండి. ఫోన్ చేసినవాళ్లకు మీరు అద్దె చెప్పారు, అడ్వాన్సు చెప్పారు. మాంసం మాట చెప్పలేదు. నర్సునూ, సాఫ్ట్‌వేర్ జంటనూ ఏం తింటారని అడిగినట్టు రాయలేదు. మరిది చెప్పిన అబ్బాయి ఆదివారం ఏం వండుకుంటాడో మీకు తెలియదు. ఆరేళ్లు పైన ఉన్నవాళ్లు ఏం వండుకున్నారన్న ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ షరతు మాస్టారి పేరు విన్నాకే పుట్టింది. పేరు విన్నాక పుట్టిన షరతు ఆ పేరు మీద పెట్టిన షరతే అవుతుంది, దానికి ఏ పేరు పెట్టుకున్నా సరే.

నిజంగా మీకది అంత ముఖ్యమైతే బోర్డు మీదే రాయండి, నలుగురినీ ఒకేలా అడగండి, నలుగురికీ ఒకేలా వర్తింపజేయండి. చట్టం మిమ్మల్ని ఆపదు. కానీ నా అభిప్రాయం అడిగితే వద్దనే చెప్తాను. పై వంటిల్లు వేరు, మెట్లు వేరు. వాసన ఇబ్బందైతే పై వంటింటి కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి గాలి వీధి వైపు పోయేలా చూడండి, దానితో తీరే సమస్య అది. తెలుగు నేల మీద మాంసం తినేవాళ్లే ఎక్కువ. శాకాహారులకే అన్న బోర్డు చాలా చోట్ల కొన్ని కులాలకే, ఒక మతానికే అని చెప్పకనే చెప్పే పద్ధతిగా మారింది. మీరు ఆ ఉద్దేశంతో రాయకపోయినా చదివేవాళ్లు అలాగే చదువుతారు, ఎందుకంటే వాళ్లు అలాంటి గేట్ల ముందు నుంచి ఎన్నోసార్లు వెనక్కి వెళ్లి ఉంటారు.

చట్టం ఎంతవరకు ఉందో కూడా తెలుసుకోండి. ప్రైవేటు ఇంటి యజమాని మతం చూసి అద్దెకు కాదనకూడదని నేరుగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల గురించి చెబుతుంది, అద్దె ఇళ్ల ఊసు అందులో లేదు. అయితే అంటరానితనం విషయంలో ఉంది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, ఆ కారణంతో ఒక మనిషిని ఏ ప్రాంతంలోనైనా ఇంట్లో ఉండనివ్వకుండా అడ్డుపడడం నేరం. అద్దెకొచ్చినవాళ్లను "మీరేమిట్లు?" అని మామూలుగా అడిగేసే పెద్దవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మీరు ఆ ప్రశ్న ఎవరినీ అడగకండి. ఆ జవాబుతో అద్దె కట్టే శక్తి గురించి ఏమీ తెలియదు.

ఇంకొకటి చెప్పనివ్వండి. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో చాలా ఇళ్లున్న ఒక యజమాని, ఖాళీ చేశాక ఇంట్లో కూర వాసన మిగిలిపోతోంది కాబట్టి మనలాంటి రంగువాళ్లకు ఇవ్వొద్దని తన ఏజెంట్లకు రాశాడు. 2017లో అక్కడి కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చి ఆపించింది. ఆ కూర మనదే. మీ అమ్మాయి సియాటెల్‌లో ఇల్లు వెతుక్కున్నప్పుడు ఆమె పేరూ, రంగూ, దేవుడూ చూసి ఎవరూ తలుపు వేయకుండా అడ్డుగా ఉన్నది అక్కడి 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం. మన పిల్లలకు అక్కడ చట్టం ఇస్తున్న రక్షణ, ఇక్కడ మన గేటు ముందు నిలబడ్డవాళ్లకు మన చేతుల్లో మాత్రమే ఉంది. అందుకే మిమ్మల్ని ఇంతగా అడుగుతున్నాను.

ఎదురింటావిడ మాట పట్టించుకోకండి. అద్దె కట్టేది ఆవిడ కాదు, పైకప్పు కారితే బాగుచేయించేదీ ఆవిడ కాదు.

మాస్టారు వరుసలో నాలుగో స్థానంలో ఉన్నారు, కాబట్టి వాళ్లకు ఇల్లు దక్కకపోవచ్చు. న్యాయం అంటే వాళ్లను ముందుకు లాగడమూ కాదు. వంతు వస్తే, ముందు ముగ్గురిని అడిగినవే అడిగి, అదే అద్దెకి, అదే అడ్వాన్సుకి ఇవ్వడం. రాకపోతే నిజం చెప్పడం. "ఇల్లు ఇచ్చేశామండీ" అని ఫోనులో చెప్పి, వారం తర్వాత కూడా గేటుకి బోర్డు వేలాడుతూ ఉంటే, ఆ దారిన వెళ్లే మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. వాళ్ల పిల్లలు కూడా ఆ బోర్డు చదువుతారు.

నర్సుకి మీరే ఫోన్ చేయండి. ఆమె ఆలస్యం చేసిందని అనుకోకండి, గడువు ఉందని మీరు ఆమెకు చెప్పలేదు. రాత్రి డ్యూటీలో ఉంటే పగలు నిద్రపోతుంటుంది, సాయంత్రం చేయండి. "అమ్మాయ్, ఇంకా ముగ్గురు అడుగుతున్నారు, నువ్వే ముందొచ్చావు కాబట్టి నీకే ముందు చెబుతున్నాను. ఎల్లుండి సాయంత్రంలోగా చెప్పు" అనండి. ఆ రెండు రోజులూ ఎవరు ఎంత తొందరపెట్టినా ఆగండి. మగదిక్కు లేని ఇల్లని, అర్ధరాత్రి వచ్చిపోతుందని ఆమెకు ప్రత్యేకంగా ఏ ప్రశ్నా వేయకండి. ఈ నగరంలో ఆసుపత్రులు నడుస్తున్నది రాత్రి రెండింటికి మేలుకుని ఉన్న ఇలాంటి ఆడపిల్లల వల్లే. వాళ్లకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో వాళ్లనడిగితే చెబుతారు. ఒక్క విషయం మాత్రం ఆమె మేలు కోరి గుర్తు చేయండి, పెద్దావిడ మెట్లెక్కగలదో లేదో ఒకసారి ఎక్కించి చూసుకోమని.

ఇక ఎక్కువిస్తామన్న 2,000. పదకొండు నెలలకు 22,000. పెన్షను మీద బతికేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, వదులుకోండి అని తేలిగ్గా చెప్పలేను. కానీ మీరు 16,000 అని చెప్పాకే మిగిలిన ముగ్గురూ వచ్చారు, చూశారు, లెక్కలు వేసుకున్నారు. ఇప్పుడు ఎవరెక్కువ పాడితే వాళ్లకే అంటే ఆ ముగ్గురికీ మీరిచ్చిన మాట పోయినట్టే. న్యూజిలాండ్‌లో యజమానులు అద్దెకు ఇలా వేలం పెట్టడాన్ని 2021 నుంచి నిషేధించారు. పైగా పోటీలో ఎక్కువ పాడినవాళ్లు ఆర్నెల్లకు అంతకంటే చౌకగా దొరికిందని వెళ్లిపోవచ్చు. ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే 16,000 పోతాయి. చుట్టుపక్కల ఇలాంటి పోర్షన్లకు ఇప్పుడు 18,000 నడుస్తుంటే, మీరే తక్కువ చెప్పుకున్నట్టు. వచ్చేసారి బోర్డు కట్టకముందే కనుక్కుని ఆ ధరే చెప్పండి. ఈసారి జంటకు వంతు వచ్చినా 16,000కే ఇవ్వండి.

మీ మరిదితో మాట్లాడడం వీటన్నిటికంటే కష్టమని నాకు తెలుసు. రేపు ఏ పెళ్లిలోనో, కర్మలోనో ఎదురుపడాల్సిన మనిషి. "ఆ అబ్బాయి మూడోవాడు, వరుస ప్రకారం చూస్తున్నాను, వస్తే అతనికే ఇస్తాను" అని ఒకే మాట ప్రతిసారీ చెప్పండి. కారణాలు పెంచకండి, పెంచితే ప్రతిదానికీ ఆయన దగ్గర జవాబుంటుంది. ఒక మాట మీ మనసులో ఉంచుకోండి: "మనవాళ్లు" అద్దె ఆపితే అడగడం ఎవరి దగ్గరైనా కష్టమే, మరిది ద్వారా వచ్చినవాళ్ల దగ్గర మరీ కష్టం.

వంతు వచ్చినవాళ్లు అద్దె సరిగ్గా కడతారో లేదో చూడడానికి జీతం స్లిప్పు ఒక్కటే దారి కాదు. పాత యజమానికి అద్దె ఎలా పంపేవారో ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో చూపించమనండి. నెల నెలా 3, 5, 4 తేదీల్లో వెళ్తూ వచ్చిందా, లేక ఒక నెల 20కి, ఒక నెల రెండు ముక్కలుగా వెళ్లిందా అన్నది జీతం కాగితం కంటే బాగా చెబుతుంది. పాత యజమానికి ఫోన్ చేసి మూడే అడగండి: అద్దె టైముకి వచ్చేదా, ఇల్లు ఎలా ఉంచారు, మళ్లీ వాళ్లకు ఇస్తారా? మూడో ప్రశ్నకు ముందు ఆయన ఎంతసేపు ఆగారో కూడా గమనించండి. ఈ పరిశీలన వంతు వచ్చినవాళ్లకు మాత్రమే చేయండి. నలుగురి ఆధార్లూ, పాన్ కార్డులూ వాట్సాప్‌లో తెప్పించుకుని ఫోన్లో పోగేయొద్దు. ఖాయమైనవాళ్ల దగ్గర మాత్రం, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఇప్పటికే ఎవరైనా పంపి ఉంటే, ఇల్లు ఇవ్వనివాళ్లవి తీసేసి, తీసేశానని వాళ్లకు చెప్పండి.

అడ్వాన్సు అందాక, పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక, అదే సాయంత్రం బోర్డు విప్పి మిగిలినవాళ్లకు మెసేజ్ పెట్టండి. "మీకంటే ముందు చూసినవాళ్లు ఔనన్నారు, వాళ్లకే ఇచ్చాను. వచ్చి చూసినందుకు సంతోషం" అని. ఇదీ ముగ్గురికీ ఒకే మెసేజ్. వాళ్లు ఒకటో తారీఖులోపు ఎక్కడో ఒక చోట సామాను దించుకోవాలి. మీరు మొహమాటపడి ఆపిన ప్రతి రోజూ వాళ్ల వెతుకులాటలోంచి పోతుంది. పక్క వీధిలో ఇంకెవరిదైనా ఖాళీగా ఉందని మీకు తెలిస్తే ఆ నంబరు కూడా పంపండి. నర్సు వద్దంటే జంటకు ఫోన్ చేయండి, వాళ్లకీ రెండు రోజులే.